ఇంటి వెచ్చదనమునకు ఎన్ని మీటలు వలయును?

అమెరికా సంయుక్త రాష్ట్రముల ఈశాన్య భాగమున, న్యూజెర్సీ మొదలుకొని మసాచుసెట్స్ వరకు గల నగరోపాంతములలో, అక్టోబరు నడిమి నుండి ఏప్రిల్ దాక ఇంటిని వెచ్చగా నుంచుకొనుట ప్రాణావసరమైన పని. వెలుపల నీరు గడ్డకట్టు చలి యున్నపుడు ఇంటిని చల్లబడనిచ్చినచో, వృద్ధులును పసిబిడ్డలును రోగమున పడుట అటుండగా, గోడలలో దాగియున్న నీటి గొట్టములు గడ్డకట్టి పగిలి, ఆ మంచు కరగిన నాడు ఇల్లెల్ల జలమయమగును. అట్టి సీమలో గృహనిర్మాతలును యంత్రశిల్పులును శతాబ్దమునకు పైగా పరిశ్రమించి, ఒక్క అగ్నికుండము నుండి ఇంటి నలుమూలలకును వేడిని పంచు విధానములను సిద్ధపరచిరి. ఆ విధానములు నేడు మిక్కిలి సమర్థములై యున్నవి. కాని వాటిని దినదినమును నడపవలసిన గృహస్థునకు అవి యంతకంతకు దురవగాహములగుచున్నవి. ఈ చిక్కు ఎక్కడ పుట్టినది, దానిని విడదీయుట ఎవరి చేతిలో నున్నది అను ప్రశ్న, ఎడిసన్ మొదలైన పట్టణములలో కాపురములున్న తెలుగు కుటుంబములకు ఏటేట శీతకాలారంభమున ఎదురగు ప్రశ్నయే.

అచ్చటి పాతకాలపు టింటి నొకదానిని తీసికొందము. బేస్‌మెంటులో గ్యాసుతోనో నూనెతోనో మండు బాయిలరుండును. అది నీటిని కాచును; పంపు ఆ నీటిని రాగి గొట్టముల గుండ నడపును; గోడల పాదమున పొడవుగా నమర్చిన బేస్‌బోర్డులలోనో, పోత యినుప రేడియేటరులలోనో ఆ నీరు తన వేడిని గదికి విడిచి, చల్లబడి తిరిగి బాయిలరును చేరును. ఇంతవరకు వ్యవహారము పసివానికి సైతము బోధపడును. ఇల్లు పెద్దదైనకొలది చిక్కు మొదలగును. క్రింది అంతస్తున వేడెక్కిన గాలి మెట్లదారిని పైకెగయును గనుక, క్రింద చలిగా నున్నదని బాయిలరును మండించిన, మేడమీద నున్నవారికి ఉక్కపోయును. దక్షిణపు కిటికీలు గల గది మధ్యాహ్నపు టెండకు తనంత తానే వేడెక్కును. గ్యారేజీపై కట్టిన గది, క్రిందనుండియు మూడు ప్రక్కలనుండియు చలి సోకుటచే, ఎంత వేడి పోసినను వెచ్చబడదు. పడకగదులకు రాత్రియే వేడి కావలెను. వంటగదికి పగలే కావలెను. అందువలన ఇంటిని రెండు, మూడు, నాలుగు భాగములుగా విడదీసి, భాగమునకొక వాల్వునో ప్రత్యేకమైన పంపునో పెట్టి, ఆ భాగపు గోడకొక థర్మోస్టాటును, అనగా వేడిని అదుపుచేయు పెట్టెను, బిగింతురు. ఈ భాగములనే జోనులందురు. ఈ యేర్పాటునందు దోషమేమియు లేదు. వలసిన చోట వలసినంత వేడి నిచ్చి, వలదన్నచోట మానుటకంటె వివేకమైన పద్ధతి యేమున్నది?

అయినను లెక్కవేసి చూడుడు. క్రింది అంతస్తు, మేడ, బేస్‌మెంటు, గ్యారేజీపై గది—ఇట్లు నాలుగు జోనులు గల యింట నాలుగు ప్రోగ్రాము థర్మోస్టాటులుండును. అందు ప్రతిదియు వారమునకు 7 దినములకును, దినమునకు 4 వేళలకును—లేచు వేళ, వెడలు వేళ, తిరిగివచ్చు వేళ, నిద్రించు వేళ—వేరువేరుగా ఆజ్ఞ నడుగును. అనగా 28 వేళలు. వేళకొక గడియారపు సమయము, ఒక ఉష్ణోగ్రత చొప్పున 56 అంకెలు. నాలుగు జోనులకు 224 అంకెలు. వేసవి చల్లదనమునకు సైతము అదే పెట్టె పనిచేయునేని, ఈ లెక్క యింకను పెరుగును. ఒక కుటుంబము సుఖముగా నిద్రించుటకై ఇన్ని అంకెలను కూర్పవలసి వచ్చుట న్యాయమా? ఇవి యన్నియు యథోచితముగా కూర్చినవాడు ఆ యింట నొక్కడున్నచో, అతడు ఊరిలో లేని దినమున మిగిలినవారి గతి యేమి?

ఈ క్లేశము ఎక్కువగా సోకునది, కూతురి కాన్పుకో మనుమల సంరక్షణకో స్వదేశము నుండి వచ్చి, పగలెల్ల ఆ యింట ఒంటరిగా నుండు తల్లిదండ్రులకు.

“ఏరా, ఈ పెట్టె ఎనభైకి పెట్టి గంటయింది, నా గది ఇంకా వేడెక్కలేదేం?” అని తల్లి ఆఫీసులో నున్న కుమారునకు ఫోను చేయును.

“అమ్మా, అది కింది జోనుది. నీ గదిది పైన మెట్ల దగ్గరుంది. ఎనభైకి పెట్టినా తొందరగా వేడెక్కదమ్మా, డెబ్బై చాలు” అని అతడు చెప్పును.

“మరి కింద ఇప్పుడు నాన్నగారు చెమటలు పడుతున్నాయంటున్నారు!”

ఈ స్వల్ప సంభాషణలో రెండు వేరువేరు తికమకలు పెనగొని యున్నవి. ఏ పెట్టె ఏ గదిని పాలించునో తెలియకపోవుట మొదటిది. అంకె పెంచినచో వేడి త్వరగా వచ్చునని భావించుట రెండవది. వీని నిదానములు వేరు, చికిత్సలును వేరు.

రెండవదానిని గూర్చి విల్లెట్ కెంప్టన్ అను మానవశాస్త్రజ్ఞుడు 1986లో ‘కాగ్నిటివ్ సైన్స్’ పత్రికయందు ఒక ప్రసిద్ధ వ్యాసము ప్రకటించెను. సామాన్యులు థర్మోస్టాటును రెండు విధములుగా ఊహించుకొందురని ఆతడు నిరూపించెను: కొందరు దానిని, గది వేడిని గమనించుచు యంత్రమును మండించియు ఆర్పియు సరిచూచు కాపరిగా భావింతురు, మరికొందరు, త్రిప్పినకొలది ఎక్కువగా ప్రవహింపజేయు వాల్వుగా భావింతురు. యంత్రదృష్టితో చూచిన మొదటివారిదే నిజము. గోడమీది అంకె ఫారన్‌హీటున 70 అయినను 80 అయినను, సామాన్యమైన బాయిలరు మండు తీవ్రత యొక్కటే. అంకె యనగా ఆగవలసిన చోటు మాత్రమే. కాని రెండవ వారిని అజ్ఞులని త్రోసివేయుట న్యాయము కాదు. మన పల్లెలలో చలిరాత్రులందు కుంపటిలో బొగ్గు హెచ్చించినచో వేడి హెచ్చును, తగ్గించినచో తగ్గును. కారణమును కార్యమును రెండును కంటి యెదుటనే యుండును. అరువది యేండ్లు కుంపటితోను, కట్టెల పొయ్యితోను, గ్యాసు స్టవ్వుతోను వ్యవహరించిన చేతికి, త్రిప్పినకొలది వేడి యను న్యాయమే సహజము. గోడమీది పెట్టె ఆ న్యాయమును పాటింపదని తెలుపు చిహ్నమేదియు ఆ పెట్టె మొగమున లేదు.

ఇక మొదటి తికమక సంగతి. మనస్తత్వశాస్త్రజ్ఞుడు డోనాల్డ్ నార్మన్ 1988లో ప్రకటించిన గ్రంథములో, నిత్యోపయోగ వస్తువుల రూపకల్పనను విమర్శించుచు, తన యింటి రెఫ్రిజిరేటరును ఉదాహరించెను. దానికి రెండు మీటలు కలవు; ఒకటి మంచు అరకు, రెండవది కూరగాయల అరకు అని చూచువానికి తోచును. లోపల నున్న శీతలయంత్రము ఒక్కటే. ఒక మీట ఆ యంత్రమును శాసించును, రెండవది చల్లగాలి రెండరలకు పంచబడు నిష్పత్తిని శాసించును. కావున ఒక మీటను కదపినచో రెండరలును మారును. పెక్కు జోనుల గృహతాపనమున జరుగునదియు ఇదియే. గోడమీద నాలుగు స్వతంత్ర రాజ్యములున్నట్లు నాలుగు పెట్టెలుండును. బేస్‌మెంటులో బాయిలరు ఒక్కటే. స్నానపు నీటి తొట్టిని సైతము ఆ బాయిలరే కాచునట్టి యిండ్లలో, తొట్టి వేడెక్కువరకు ఇతర జోనులను ఆపియుంచు నియమము సాధారణముగా నుండును. అందుచేత ఇంటిల్లిపాది వరుసగా స్నానములు చేయు ప్రాతఃకాలమున గదులు కొంత చల్లబడును. బాయిలరును బిగించినవాడు ఈ ఒక్క వాక్యమును గృహిణికి చెప్పియుండిన, ఎన్నో అనవసరపు మరమ్మతు పిలుపులు తప్పియుండును.

గోడమీది పెట్టె కథ

వింతయేమనగా, ఈ విద్య పుట్టినదే గదిగదికి వేరుగా వేడి నమర్చవలెనను కోరికనుండి. విస్కాన్సిన్ రాష్ట్రమున వైట్‌వాటర్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో ఆచార్యుడుగా నుండిన వారెన్ జాన్సన్, పాఠశాల సేవకుడు తరగతి తరగతికి వచ్చి వేడిని చూచి, మరల క్రిందికి దిగి కొలిమి కవాటములను సవరించుకొనుచుండుట గమనించి, ఆ రాకపోకలచే పాఠములకు భంగము కలుగుచున్నదని తలచి, గది వేడిని కొలిమి గదికి విద్యుత్తుచే తెలుపు సాధనమును కల్పించి 1883లో పేటెంటు పొందెను. 1885లో మిన్నియాపొలిస్ నగరమున ఆల్బర్ట్ బట్జ్, చల్లబడిన వెంటనే కొలిమి గాలిద్వారమును తనంత తానే తెరచు యంత్రమును చేసెను. మనుష్యుడు మెట్లెక్కి దిగు శ్రమను తొలగించుటయే వారిరువురి ఆశయము. ఆ తొలి రూపములలో ఆజ్ఞ యిచ్చుటకు ఒకే యొక ప్రశ్న యుండెను: ఇచ్చట ఎంత వేడి కావలెను?

ఆ ప్రశ్నకు అత్యంత సుందరమైన రూపమిచ్చినది 1953లో హనీవెల్ సంస్థ వారు వెలయించిన గుండ్రని థర్మోస్టాటు. హెన్రీ డ్రైఫస్ దానికి రూపకర్త. చుట్టుచక్రమును త్రిప్పుటయే దానియందు చేయవలసిన పని. కోరిన వేడిని ఒక ముల్లు చూపును, ఉన్న వేడిని మరియొక ముల్లు చూపును. లోపల లోహపుచుట్ట యొకటి వేడికి విచ్చుకొని చలికి ముడుచుకొనుచు, పాదరసము గల గాజుబుడ్డిని అటునిటు వంచును. పాదరసము ఒక వైపునకు జారినపుడు రెండు తీగలు కలియును, బాయిలరు మండును. పాదరసము విషపదార్థమగుటచే అట్టివి నేడు చేయబడుట లేదు. ఆ గుండ్రని ఆకృతి మాత్రము జనుల మనసునుండి చెదరలేదు. నా యెరుకలో దానిని మించిన గృహోపకరణపు ముఖము మరియొకటి లేదు. దృష్టి మందగించిన వృద్ధురాలు చీకటిలో సైతము చేతితో తడవి దానిని సవరించుకొనగలదు.

పిదప 1973 నాటి చమురు సంక్షోభము వచ్చెను. 1977 ఫిబ్రవరి 2వ తేదీని అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఉన్ని స్వెటరు ధరించి టెలివిజనులో ప్రజల నుద్దేశించి ప్రసంగించుచు, పగలు 65, రాత్రి 55 డిగ్రీల ఫారన్‌హీటునకు థర్మోస్టాటులను తగ్గించుకొనుడని వేడుకొనెను. రాత్రి తగ్గించి ఉదయమున పెంచు పనిని మనుష్యుడు మరచిపోవునేమోయని, గడియారముతో కూడిన పెట్టెలు వ్యాపించెను. పిమ్మట అంకెల ముఖములు, బాణపు గుర్తులు, మీటల వరుసలు వచ్చి చేరెను. ఉద్దేశము నిస్సందేహముగా మంచిదే. దినమునకు 8 గంటలపాటు 7 నుండి 10 డిగ్రీలు తగ్గించినచో సంవత్సరమునకు వందకు పదివంతుల వరకు ఆదా కాగలదని అమెరికా ఇంధనశాఖ నేటికిని చెప్పుచున్నది. కాని ఆదా కాగితముపై నిలిచినంతగా ఇండ్లలో నిలువలేదు. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలలో అలాన్ మైయర్ ప్రభృతులు పరిశీలింపగా, ప్రోగ్రాము పెట్టెలు గల పెక్కు ఇండ్లలో ప్రోగ్రామే లేదు. కొన్నింట గడియారము తప్పు వేళను చూపుచుండెను. గృహస్థులు ఒకే అంకెను నిలిపియుంచు ‘హోల్డు’ మీటను నొక్కి, పాత గుండ్రని పెట్టెను వాడినట్లే దానిని వాడుకొనుచుండిరి. తుదకు ఇంధనపు పొదుపునకు గుర్తగు ‘ఎనర్జీ స్టార్’ ముద్రను ఇట్టి పెట్టెల కిచ్చుట 2009 డిసెంబరు 31తో మాన్పబడెను. జనులు సోమరులని దీనికి వ్యాఖ్యానము చెప్పువారు కలరు, నేనందుకు సమ్మతింపను. వందలాది అంకెల నడిగిన యంత్రమునకు, తనకు వలసిన ఒక్క అంకెను చెప్పి ఊరకుండిన గృహస్థుని వర్తనమే వివేకవంతము.

2011లో వచ్చిన నెస్టు అను థర్మోస్టాటు మరల గుండ్రని ముఖమును ధరించి, మన అలవాట్లను తానే నేర్చుకొందునని ముందుకు వచ్చెను. దంపతులిరువురే యుండి, నిర్ణీత వేళలకు వెడలివచ్చు చిన్న యింట అది మెప్పు పొందినది. జోనులు మూడు నాలుగై, డిసెంబరులో అత్తమామలు వచ్చి ఏప్రిల్‌లో మరలిపోవు ఇంట, నిన్న నేర్చినది నేటికి పనికిరాదు. ఫోనుద్వారా నడపు సౌకర్యము మరియొక చిక్కును తెచ్చినది: ఆఫీసునుండి కుమారుడు తగ్గించును, ఇంటినుండి తండ్రి పెంచును; ఒకరు చేసినది ఒకరికి కనబడదు.

బేస్‌మెంటులో తీరవలసిన పనులు

ఈ కథనుండి నేను గ్రహించినది యేమనగా, గృహతాపనములో చేయవలసిన నిర్ణయములు పెక్కు కలవు. ప్రతి నిర్ణయమునకును దానికి వలసిన జ్ఞానము గలవాడొకడున్నాడు. నిర్ణయము వానిని వదలి గోడమీదికి పాకినపుడే చిక్కు పుట్టుచున్నది. వాతావరణమును గూర్చిన నిర్ణయము వెలుపలి చలిని కొలుచు సాధనమునకు చెందినది. జోనులెన్ని యుండవలెనను నిర్ణయము బాయిలరు శక్తి తెలిసిన సాంకేతికునిది. ‘నాకిక్కడ చలిగా నున్నది’ అను ఒక్క మాట మాత్రమే ఇంటిలో నివసించువానిది.

తీగల విషయము చూచినచో ఈ యంత్రాంగము ఎంత సరళమో తేటపడును. థర్మోస్టాటు 24 వోల్టుల అల్ప విద్యుత్తు గల రెండు తీగలను కలిపి విడదీయును. అంతకుమించి వేడి విషయమున దానికి పనిలేదు. తీగలు కలిసినపుడు ఆ జోను వాల్వు మెల్లగా తెరచుకొనును. పూర్తిగా తెరచుకొనిన పిదప వాల్వులోనే యున్న చిన్న స్విచ్చి మూసికొని, బాయిలరునకును పంపునకును ‘వేడి కావలె’నను వార్త పంపును. నాలుగు జోనులున్నను వార్త ఒక్కటే. ఎవరడిగిరో బాయిలరునకు తెలియదు, తెలియనక్కరలేదు. ఈ మూలస్వభావము నేటికిని మారలేదు గనుక, పైన పేర్చిన బరువును దింపివేయుట అసాధ్యము కాదు.

మొదట జోనుల సంఖ్యను తగ్గింపవలెను. ఇది యొప్పుకొనుటకు చాలమందికి మనసు రాదు. గదికొక జోనున్నచో సంపన్నత యనియు, పొదుపనియు భావన కలదు. ఉదాహరణమునకు, గంటకు లక్ష బి.టి.యు. వేడి నిచ్చు బాయిలరు, ఎంత తగ్గించినను 20,000కు దిగువకు మండలేనిదని అనుకొందము. ఎనిమిదడుగుల బేస్‌బోర్డు గల చిన్న గది యొక్కటే వేడి నడిగినది. అది గంటకు అయిదువేలకు మించి పుచ్చుకొనలేదు. మిగిలిన వేడి పోవు దారి లేక నీరు క్షణములలో మితిమీరి కాగును, బాయిలరు ఆరును, మరుక్షణమే చల్లబడి మరల మండును. రాత్రియెల్ల ఇట్లు వెలుగుచు ఆరుచుండుటచే ఇంధనము వృథాయగును, యంత్రపు టాయువు క్షీణించును. పరస్పరము తలుపులు తెరచియుండు గదులను, ఒకే వేళ వాడబడు గదులను ఒక జోనుగా కలిపినచో యంత్రమునకు ఊపిరి తిరుగును; గోడమీద పెట్టెయు ఒకటి తగ్గును. మేడ యొకటి, క్రిందు ఒకటి, విడిగా నున్న చలిగది కావలసిన మరియొకటి—సామాన్య కుటుంబమునకు ఇంతకంటె అవసరమని నాకు తోచదు. ఇంగ్లండులో సైతము గృహనిర్మాణ నిబంధనల మార్గదర్శకములు, 150 చదరపు మీటరులు దాటిన ఇండ్లకు వేరువేరు వేళలును ఉష్ణోగ్రతలును గల రెండు జోనులనే కనీసమని విధించినవి.

రెండవది, నీటి వేడిని వెలుపలి చలికి ముడిపెట్టుట. దీనికి ‘ఔట్‌డోరు రీసెట్టు’ అని పేరు. ఇంటి ఉత్తరపు గోడపై, ఎండ తగులని చోట, చిన్న కొలత సాధన మొకటి బిగింతురు. వెలుపల తీవ్రమైన చలి యున్న నాడు బేస్‌బోర్డులకు 180 డిగ్రీల ఫారన్‌హీటు నీటిని, చలి మందమైన నాడు 120 డిగ్రీల నీటిని మాత్రమే బాయిలరు పంపును. గృహస్థునకు తెలియకుండగనే ఇది రెండు మేళ్లు చేయును. గదికి ఎంత వేడి పోవుచున్నదో అంతయే వచ్చుచుండుటచే, ఉష్ణోగ్రత ఎగుడుదిగుడులు లేక నిలుకడగా నుండును. ‘ఇప్పుడు చలి, ఇప్పుడు ఉక్క’ యను ఫిర్యాదు తగ్గి, గోడమీది పెట్టెను తాకవలసిన పనియే అరుదగును. మరియు, పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని సైతము రాబట్టు కండెన్సింగు బాయిలరులకు, తిరిగివచ్చు నీరు సుమారు 130 డిగ్రీలకు, అనగా 55 సెంటీగ్రేడునకు, లోబడియున్నపుడే ఆ ఫలము దక్కును. 180 డిగ్రీల నీటినే నిత్యము త్రిప్పుచున్నచో, అధిక మూల్యము చెల్లించి కొన్న గుణము వ్యర్థమగును. ఈ సాధనము పెక్కు క్రొత్త బాయిలరులతో పెట్టెలోనే వచ్చును. తీగ కలుపు శ్రమకు వెరచి బిగించువారు దానిని వదలిపోవుట యెంత శోచనీయము!

మూడవది వేళల విషయము. రాత్రి తగ్గించుట గాలితో వేడిచేయు తేలికపాటి ఇండ్లకు లాభదాయకము. సిమెంటు నేలలో గొట్టములు పరచిన ఇండ్లకు అది నిష్ప్రయోజనము. 1947 నుండి లాంగ్ ఐలండులోని లెవిట్‌టౌనున వేలకొలది ఇండ్లకు అట్లు రాగి గొట్టములు నేలలోనే పరచిరి. దళసరి నేల వేడెక్కుటకును చల్లారుటకును గంటల కొలది పట్టును. రాత్రి పదింటికి తగ్గించిన ఫలము తెల్లవారుజామునకు గాని కనబడదు, ఉదయము పెంచిన ఫలము మధ్యాహ్నమునకు గాని అందదు. వెలుపలి వేడిని లోనికి తెచ్చు హీటుపంపులు గల ఇండ్లలో మరియొక ప్రమాదము కలదు: బాగుగా తగ్గించి ఉదయమున ఒక్కుమ్మడిగా పెంచినచో, పంపు చాలక, లోపల నున్న విద్యుత్తాపక తంతువులు మండి, ఆదా చేసినదానికంటె ఎక్కువ ఖర్చును తెచ్చిపెట్టును. కావున ఇట్టి యిండ్లలో వేళలను పూర్తిగా తొలగించి, అహోరాత్రములకు ఒకే అంకె నుంచుట శ్రేయస్కరము. తగ్గింపు ఫలించు ఇండ్లలో సైతము నాలుగు వేళలు వలదు. రాత్రి, పగలు అను రెండు చాలును. వారమునందలి ఏడు దినములకును అవే చాలును. 224 అంకెలున్న చోట ఇట్లు రెండు జోనులకు ఎనిమిది అంకెలు మిగులును.

గోడమీద మిగులవలసినది

ఇక గోడమీద నేమి యుండవలెను? డెన్మార్కు దేశస్థుడు మాడ్స్ క్లౌసెన్ 1943లో కనిపెట్టిన రేడియేటరు థర్మోస్టాటు నాకీ విషయమున ఆదర్శముగా కనబడుచున్నది. దానికి తీగ లేదు, బ్యాటరీ లేదు, గడియారము లేదు. రేడియేటరు చివర బిగించిన చిన్న మీటలో, వేడికి వ్యాకోచించు పదార్థమొకటి యుండి, గది వెచ్చబడినకొలది నీటి దారిని మూసివేయును. ఒకటి మొదలు అయిదు వరకు అంకెలుండును. మూడు అనగా సుమారు 20 సెంటీగ్రేడు. ఏది ఏ గదికో అను సందేహమునకు తావులేదు; ఎదుట ఏ రేడియేటరున్నదో ఆ మీట దానిదే. ఐరోపాలోని ఇండ్లలో నిది సర్వసామాన్యము. ఒక్క జాగ్రత్త మాత్రము వలయును: గోడ థర్మోస్టాటున్న గదిలో రేడియేటరునకు దీనిని పెట్టరాదు, పెట్టినచో ఒకే గదిని ఇద్దరు పాలింపబూని, మిగిలిన యిల్లు చలిలో పడును.

అమెరికా ఇండ్లలో ఈ స్వభావమును కొంతవరకు తెచ్చుకొనవచ్చును. థర్మోస్టాటు ఏ గదులను పాలించునో ఆ గదులలోనే, నడుమ గోడపై, వంటపొయ్యికిని ఎండకును దూరముగా నుండవలెను. నాలుగింటిని ఒకే నడవలో వరుసగా పేర్చుట బిగించువానికి సులభమే గాని నివసించువానికి శాశ్వత శిక్ష. పెట్టె పైభాగమున, అది పాలించు గదుల పేర్లను—‘మేడ పడకగదులు’, ‘క్రింది హాలు, వంటగది’ యని—దూరమునుండి చదువదగిన యక్షరములతో అతికింపవలెను. తల్లిదండ్రులు వచ్చునపుడు తెలుగులోనే వ్రాయవలెను. బేస్‌మెంటులో వాల్వులపై సైతము అవే పేర్లుండవలెను. వేడి, చల్లదనము అను రెంటికి నడుమ మీట తనంత తానే మారు సౌకర్యమును శీతకాలమంతయు ఆపివేయుట మేలు. బ్యాటరీపై మాత్రమే బ్రతుకు పెట్టె బ్యాటరీతో పాటు మరణించును, దానితో ఆ జోను వేడియు ఆరును. ఇంటివారు స్వదేశమునకు వెళ్లిన శీతకాలమున ఇట్టి చిన్న లోపమే గొట్టములు పగులుటకు కారణము కాగలదు. అందువలన మూడవదియగు కామను తీగను లాగించి, నిత్యము విద్యుత్తు అందునట్లు చేయించుకొనవలెను.

వృద్ధులున్న యింట మరియొక సంగతి. పొదుపు పేరిట వారి గదిని చల్లబరచుట తగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నాటి మార్గదర్శకములలో 18 సెంటీగ్రేడును చలికాలపు కనిష్ఠ హద్దుగా సూచించుచు, వృద్ధులకును శిశువులకును రోగులకును అంతకంటె హెచ్చు అవసరము కావచ్చునని తెలిపినది. అది 64 ఫారన్‌హీటును కొంచెము మించును. సముద్రతీరపు వేడిలో జీవితమెల్ల గడపిన శరీరమునకు 72 సైతము ఎక్కువ కాదు. చాల థర్మోస్టాటులలో దిగువ హద్దును ఎగువ హద్దును ముందుగా బిగించి యుంచు సౌకర్యము కలదు. అతిథుల గది జోనునకు 68 దిగువ, 75 ఎగువ అని హద్దులు పెట్టి, ఆ నడుమ వారి యిష్టమునకు వదలివేసినచో, ఎనభైకి త్రిప్పినను తొంబదికి త్రిప్పినను హాని లేదు. వారును ఒకరి నడుగనక్కరలేక, తమ గది తమ చేతిలో నున్నదను తృప్తితో నుందురు. తాళము వేసి పెట్టె నంటనీయకుండుట మాత్రము పనికిరాదు. చలి వేయుచున్నపుడు మీట కదలకుండుట వృద్ధులకు అవమానమువలె తోచును.

ఈ పనులన్నియు సెప్టెంబరు మాసమున, చలి పడకముందే చేయించుకొనదగినవి; నవంబరులో సాంకేతికుడు దొరకుట కష్టము. వచ్చిన సాంకేతికుని, ఫోనులో ఏమేమి చూడవచ్చునో చూపుమని యడుగుటకంటె, జోనునకొక వాల్వును తెరపించి, ఏ గొట్టము వెచ్చబడునో ఇంటిలోని పెద్దలచేత ముట్టి చూపింపవలెను. వెలుపలి కొలత సాధనము కలుపబడినదో లేదో, కలుపబడినచో ఏ చలికి ఎంత వేడి నీరు పోవునట్లు అమర్చెనో ఒక కాగితముపై వ్రాయించి బాయిలరు ప్రక్కన అంటింపవలెను. థర్మోస్టాటు చెడినపుడు ఏ వాల్వు మీటను చేతితో తెరవవలెనో ఆ కాగితమున రెండవ పంక్తిగా నుండవలెను. పిదప మేడమీది పెట్టెను తల్లిచేతనే రెండు డిగ్రీలు పెంచించి, వాల్వు తెరచుకొని, బాయిలరు మండి, ఆమె గదిలోని బేస్‌బోర్డు వెచ్చబడువరకు సాంకేతికుని ఉండుమని చెప్పి, అటుపిమ్మట అతనికి ముట్టవలసిన సొమ్ము నీయవలెను.